లేదని రాసుకోండి, సిస్టర్

మా వైపు బావను మర్యాదగా పలకరిస్తే ఆయనకు అనుమానం వస్తుంది. ఇంట్లో ఎవరికో బాగాలేదేమో, లేదంటే వీడికి నాతో ఏదో పని పడిందేమో అనుకుంటాడు. బావను ఆటపట్టించడం బామ్మర్దికి సరదా కాదు, డ్యూటీ. మా అక్క లగ్గమైన నాటి నుంచి ఇరవై రెండేళ్లు ఆ డ్యూటీని ఒక్క సెలవు పెట్టకుండా చేశాను. జీతమిచ్చే ఉద్యోగంలో నా హాజరు అంత గొప్పగా ఉండదు.

ఆ ఉద్యోగం ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడం. బావది బాల్కొండ దిక్కు ఊరు. మూడెకరాల్లో పసుపు, మిగిలిన దాంట్లో మక్క వేసేవాడు. నన్ను ‘సారు’ అని పిలిచేవాడు. ఆ పిలుపులో గౌరవం కూరలో ఉప్పంత కూడా ఉండేది కాదు. “మా సారు కప్పను కోస్తడు గని కోడిని కొయ్యరాదు” అని నలుగురిలో చెప్పేవాడు. నిజమే కాబట్టి నేను కేసు వేయలేదు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఆయన దురద గురించి. చిన్న విషయంలా అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది.

పసుపు పండించే ఇళ్లలో మాఘం నుంచి ఉగాది దాకా అందరూ గోక్కుంటూనే ఉంటారు. ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములను ఇనుప డ్రమ్ములో పోసి తిప్పుతారు. పైపొట్టు ఊడి కొమ్ము నున్నబడుతుంది. దాన్నే పాలిష్ అంటారు. ఊడిన పొట్టు దుమ్మై మనుషుల మీద వాలుతుంది. ముక్కులో, చెవుల్లో, మెడ మడతల్లో, కనురెప్పల మీద అంతా అదే. ముంజేతుల మీద దద్దులు లేస్తాయి, గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో వాటంతట అవే పోతాయి. దానికోసం దవాఖానకు పోయినవాణ్ణి నేను చూడలేదు. దాన్ని ఎవరూ రోగమనరు. పసుపు గోకుడు అంటారు. జలుబుకు ఇచ్చేంత మర్యాద కూడా దానికి ఇవ్వరు.

రెండేళ్ల కింద సరిగ్గా పాలిష్ రోజుల్లోనే బావకు మూత్రంలో నెత్తురు కనిపించింది. డ్రమ్ము కిరాయికి వచ్చి ఉంది, ఇప్పుడు వదిలితే మళ్లీ దొరకదని పది రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక కూడా “బీట్‌రూట్ తిన్ననేమో” అన్నాడు. మా అక్క ఇంట్లో బీట్‌రూట్ ఎప్పుడూ వండలేదు. నిజామాబాద్‌లో డాక్టరు చూసి పొట్టకు స్కాన్ తీయించమని రాశాడు. కాగితాలు చదివేవాడొకడు కావాలని నన్ను వెంట తీసుకుపోయాడు. ముందురోజు సాయంత్రం దాకా డ్రమ్ము దగ్గర ఉండి, తెల్లారి మొదటి బస్సుకు అదే చొక్కాతో వచ్చాడు.

స్కాన్‌లో లోపలి అవయవాలు స్పష్టంగా కనబడాలని నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. కాంట్రాస్ట్ అంటారు. అది ఎక్కించుకుని బయటికి వచ్చి బావ నా చెవి దగ్గరికి వంగాడు.

“సారూ, సూది వెయ్యంగనే ఒళ్లంత మసిలే నీళ్లు వోసినట్టయింది. నోట్ల రాగి పైస వెట్టుకున్నట్టు. ప్యాంట్ల ఉచ్చ వోసుకున్న అనుకున్న.”

“పోసుకున్నవా?”

“తడిమి జూస్కున్న. పొడిగనే ఉన్నది.”

“నీకు సోయి ఉండదని మా అక్క ఇరవై ఏండ్ల సంది చెప్తనే ఉన్నది.”

అరగంట కూర్చొని వెళ్లండి అన్నారు అక్కడివాళ్లు. నాకు మధ్యాహ్నం క్లాసుంది. పావుగంట కూర్చున్నాం. మిగతా పావుగంట బస్టాండులో కూర్చుంటాం కదా, కూర్చోవడం ఎక్కడైనా కూర్చోవడమేనని నేనే తీర్పు చెప్పాను.

బస్సు మామిడిపల్లి చేరకముందే ఆయన గోక్కోవడం మొదలుపెట్టాడు. ముందు మెడ, తరువాత చేతులు, ఆ తరువాత చొక్కా ఎత్తి పొట్ట. కిటికీలోంచి ఒకసారి వాంతి చేసుకున్నాడు. ముందు సీటులోని ముసలమ్మ వెనక్కి తిరిగి, “పసుపోళ్లా బిడ్డా?” అని అడిగింది. అవునన్నాం. ఆమె తల ఊపి మళ్లీ ముందుకు తిరిగింది. రోగనిర్ధారణ అక్కడితో పూర్తయింది. వాంతిని బస్సు కుదుపుల మీదికి, దురదను పసుపు మీదికి తోశాం. చొక్కా కాలరు మీద పసుపు దుమ్ము అలాగే ఉంది, ఇంకేం సాక్ష్యం కావాలి?

క్లాసు చెప్పి సాయంత్రం నేను వాళ్లింటికి పోయేసరికి ఆయన ఇంకా గోక్కుంటున్నాడు. “పొద్దుగాల నీళ్లు వోస్కోకుండ ఉరికితె గట్లనే గోకుతది” అని అక్క కొబ్బరినూనె సీసా ముందు పెట్టింది. నూనె రాసుకుంటున్నప్పుడు ఆయన పొట్ట మీద, తొడల మీద అరచేతులంత దద్దులు నేను చూశాను. పాలిష్ దుమ్ము ప్యాంటు లోపలికి, తొడల దాకా పోదు. ఆ సంగతి నాకు తట్టింది. కాకపోతే ఆరు నెలలు ఆలస్యంగా తట్టింది.

నేను ఏటా రెండో సంవత్సరం పిల్లలకు రోగనిరోధక వ్యవస్థ పాఠం చెబుతాను. అందులో అలర్జీ నాలుగు మార్కుల ప్రశ్న. దద్దులు, దురద, వాంతులు, ఊపిరాడకపోవడం. ఈ లక్షణాలను ఇదే వరుసలో బోర్డు మీద రాయిస్తాను. ఒకటి తగ్గితే అర మార్కు కోస్తాను.

స్కాన్‌లో ఎడమ కిడ్నీ మీద గడ్డ కనబడింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఆ కిడ్నీ తీసేశారు. పాకకముందే దొరికిందన్నారు. రెండోది బాగా పనిచేస్తోందన్నారు. ఆరు నెలలకోసారి మాత్రం స్కాన్ తీయించుకోవాలన్నారు. బావ నెలన్నరకు పొలం గట్టు మీద నిలబడి కూలీలను తిడుతున్నాడు. అంటే కోలుకున్నట్టే.

ఆరు నెలలు నిండేసరికి వానలు పడి పసుపు మోకాలెత్తు దాటింది. ఈసారి అక్క కూడా వస్తానంది. పోయినసారి చెడ్డ కబురు వినడానికి నేనొక్కణ్ణే ఉన్నానట, ఈసారి మంచి కబురు తాను వినాలట. స్కాన్‌కు పరగడుపున రావాలన్నారు కాబట్టి, అయ్యాక తినడానికి జొన్నరొట్టెలు, పుంటికూర డబ్బాలో కట్టుకుంది. బస్సంతా పుంటికూర వాసన. బావ ఆ డబ్బా వైపు చూసినంత ప్రేమగా మా అక్క వైపు ఎప్పుడైనా చూశాడా అని అడిగాను. “మూత దియ్యకుండ ఉంటె మీ అక్క గుడ మంచిదే” అన్నాడు.

అదే స్కానింగ్ సెంటర్. ఈసారి ప్రశ్నలు అడగడానికి నలభై ఏళ్ల సిస్టర్ ఒకావిడ వచ్చింది. కళ్లద్దాలు, అట్టకు దారంతో కట్టిన పెన్ను. బావ మంచం మీద కూర్చున్నాడు, అక్క తలుపు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడింది, నేను బావ పక్కన. షుగరుందా, ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా అని ఆవిడ ఒక్కొక్కటి తాపీగా అడిగి కాగితం మీద టిక్కు పెడుతూ వచ్చింది.

“ఇంతకు ముందు ఈ సూది పడిందా?”

“పడ్డది.”

“అప్పుడు ఏమైనా అయిందా? దురద, దద్దుర్లు, వాంతులు?”

బావ కొంచెం ఆలోచించాడు. “గోకింది జర. బస్సుల. కని...”

ఆ ‘కని’ తరువాత ఏముందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే నేను డ్యూటీ ఎక్కాను.

“గోకుడా సిస్టర్? ఆయన పసుపోళ్ల ఇంట్ల గోక్కుంటనే పుట్టిండు. లగ్గం పీటల మీద సుత గోక్కున్నడు. కావాలంటే వీడియో ఉన్నది, చూపిస్త.”

బావ ఊరుకుంటాడా? “గది దురద గాదు సిస్టర్. వీళ్లక్క మొఖం జూసి తల గోక్కున్న.”

సిస్టర్ నవ్వింది. తలుపు దగ్గర అక్క కూడా నవ్వు ఆపుకోలేక డబ్బాను నోటికి అడ్డం పెట్టుకుంది. గదిలో యంత్రం దగ్గరున్న మనిషి కూడా తిరిగి చూశాడు. అంత మంచి నవ్వు ఆ గదిలో అంతకు ముందు పడి ఉండదు.

“అయితే అలర్జీ ఏం లేదు కదా?” అంది సిస్టర్, ఇంకా నవ్వుతూనే.

“లేదని రాసుకోండి, సిస్టర్. పనంటేనే ఉన్నది అలర్జీ.”

ఆవిడ రాసుకుంది. కింద అటెండెంట్ సంతకం అని ఉన్నచోట నేను సంతకం చేశాను. నా సంతకం చాలా బాగుంటుంది. బావ దాన్ని చూసి ఎప్పుడూ అసూయపడేవాడు.

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. అక్క రొట్టెలు ఎన్ని తెచ్చిందో, ఎవరికెన్నో చెబుతోంది. లోపల ఎవరో గట్టిగా ఏదో అన్నారు. తలుపు తెరుచుకుని సిస్టర్ పరుగెత్తింది, ఇద్దరు డాక్టర్లను వెంటబెట్టుకుని మళ్లీ పరుగెత్తుతూ వచ్చింది. తలుపు మూయడం మరిచిపోయారు.

బావ ముఖం బావ ముఖంలా లేదు. పెదవులు, కనురెప్పలు ఉబ్బిపోయాయి. గొంతులోంచి సన్నటి ఈల లాంటి చప్పుడు వస్తోంది. ఛాతీ మీద ఎర్రటి దద్దులు, పొట్ట మీద, తొడల మీద. నేను ఇంతకు ముందు చూసిన చోటల్లా. అప్పుడు తట్టింది నాకు, దుమ్ము తొడల దాకా పోదని.

తొడలో ఒక సూది పొడిచారు, తరువాత ఇంకొకటి. నోటికి ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి ఆ ఈల ఆగిపోయింది. అది మంచికని అక్క అనుకుంది. గొంతులో గొట్టం వేయడానికి చాలాసేపు పట్టింది, ఉబ్బిన గొంతులో దారి దొరకలేదు. ఒక డాక్టరు అడుగుతున్నాడు, “ముందు రియాక్షన్ ఉందా? అడిగావా?”

“అడిగాను సార్. లేదన్నారు.”

సిస్టర్ నా వైపు చూసింది. నేను గోడకున్న గడియారం వైపు చూశాను.

పక్కనే ఉన్న పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. గుండె మళ్లీ కొట్టుకుంటోంది కానీ మెదడుకు చాలాసేపు గాలి అందలేదన్నారు. రెండో రోజు పగలు అక్కడి డాక్టరు నన్నొక్కణ్ణే పిలిచి కూర్చోబెట్టాడు. తొందరలేని మనిషి. ఈ మందు కొందరికి పడదని, ఎవరికి పడదో ముందే చెప్పడం కష్టమని, మొదటిసారే కావచ్చని చెప్పాడు. ఒకసారి ఒంటికి పడలేదంటే మాత్రం ఆ మనిషి విషయంలో చాలా జాగ్రత్త పడతామన్నాడు. మందు మారుస్తారట, ముందురోజు నుంచే మాత్రలు ఇస్తారట, లేదంటే ఈ మందే లేకుండా ఇంకో రకంగా చూస్తారట. దారులు ఇన్ని ఉన్నాయి.

“ఇంతకు ముందు ఆయనకు ఏమీ కాలేదు కదా?”

“కొద్దిగా దురద పెట్టింది” అన్నాను. “వాంతి కూడా.”

ఆయన రాసుకోబోయి ఆగి, పెన్నుకు మూత పెట్టాడు.

మూడో రోజు పొద్దున బావ పోయాడు. కబురు అందిన రెండు గంటలకు ఊరి నుంచి వ్యాను నిండా మనుషులొచ్చారు. ముందు దిగినవాడు బావ వాళ్ల అన్న. ఏడుస్తూనే పనులు చక్కబెట్టే మనిషి.

“ఇంటికి గాదు. శవాన్ని గా స్కానింగోళ్ల గేటు ముంగట వెడుదం. గా సూది పొడిచినామెను కొలువుల నుంచి తీసినంక లేపుదం.”

మా దగ్గర ఇది కొత్త కాదు. దవాఖానలో మనిషి పోతే శవాన్ని గేటు ముందు పెట్టి కూర్చుంటారు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా అని. జవాబు చెప్పాల్సినవాడు వ్యాను పక్కనే నిలబడి ఉన్నాడని ఎవరికీ తెలియదు.

సెంటర్ ముందు వ్యాను ఆపారు. షట్టర్ సగం దించి ఉంది. అద్దం వెనక సిస్టర్ కనబడింది, అదే కళ్లద్దాలు. చేతులు కట్టుకుని, ఎటూ పోకుండా నిలబడి ఉంది. అక్క వ్యాను వెనక బావ కాళ్ల దగ్గర కూర్చుంది.

బావ వాళ్ల అన్న నా చేతిలో తెల్లకాగితం పెట్టాడు. “సారూ, పోలీస్ స్టేషన్ల ఇయ్యాలె, నువ్వు రాయి. మంచిగ గట్టిగ రాయి. సూది పడుతదా లేదా అని అడగనే లేదని రాయి. గా మాట మీదనే వాళ్లు దొరుకుతరు.”

వాళ్ల ఊళ్లో కరెంటు పోల్ కోసమైనా, చెరువు తూము కోసమైనా దరఖాస్తులన్నీ నేనే రాసేవాణ్ణి. వ్యాను బానెట్ మీద కాగితం పెట్టాను. ఇంజను వేడి ఇంకా తగ్గలేదు. గౌరవనీయులైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారికి అని మొదలుపెట్టాను. బావ పేరు, ఊరు, వయసు రాశాను. వచ్చిన తేదీ రాశాను. ‘సూది వేసే ముందు సదరు సిస్టర్ మమ్మల్ని’ అని కూడా రాశాను. చెయ్యి ఎంత అలవాటుగా పోయిందంటే, ఇంకొక్క మాట రాస్తే అయిపోయేది. అద్దం వెనక ఆవిడ నన్నే చూస్తోంది. అరవడం లేదు, చెయ్యి ఊపడం లేదు. నా సంతకమున్న కాగితం ఆవిడ దగ్గర ఉంది. దాన్ని కూడా చూపించడం లేదు. చూపించినా మావాళ్లు వినరు. కాగితాలు వాళ్లే మార్చుకున్నారంటారు.

పెన్ను కింద పెట్టాను. “అడిగింది” అన్నాను.

“ఏంది?”

“అడిగింది. బావ చెప్పవోయిండు సుత. నేనే మాట మధ్యల జొర్రి లేదని రాసుకోమన్న.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. కాసేపటికి ఆయన ముఖం అసహ్యంతో ముడుచుకుంది.

“గిప్పుడు సుత జోకులేనా సారూ? పీనుగ ముంగట?”

“జోకు కాదు.”

“అరే, గీయనకు జర నీళ్లు తాపుండ్రి. బావ పోయిండని సోయి తప్పి మాట్లాడుతుండు.” పక్కనున్నవాళ్లు ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు. ఎవరో కాగితం లాక్కుని మిగతాది తాను రాస్తానన్నారు. జీవితమంతా అబద్ధం చెబితే నవ్వారు, ఒక్కసారి నిజం చెబితే నీళ్లు తాగించారు.

అప్పుడు వ్యాను వెనక నుంచి అక్క గొంతు వినబడింది. గట్టిగా కాదు. కానీ మూడు రోజుల్లో ఆమె మాట్లాడిన మొదటి మాట కాబట్టి అందరూ ఆగారు.

“నిజమే చెప్తుండు. ఆమె అడిగింది. నేను తలుపు కాడ్నే ఉన్న. మీ తమ్ముడు గోకింది అన్నడు. వీడు జోకు చేసిండు.” బావ కాళ్ల మీది గుడ్డ సర్దింది. “నేను సుత నవ్విన.”

బావ వాళ్ల అన్న కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు. డ్రైవరుకు సైగ చేశాడు. వ్యాను బాల్కొండ రోడ్డు పట్టింది. నాకు ముందు సీటు ఇచ్చారు, ఎవరూ నా పక్కన కూర్చోలేదు. ఆర్మూర్ గుట్ట కనబడేదాకా పుంటికూర డబ్బా కాళ్ల దగ్గర దొర్లుతూనే ఉంది. అది ఎప్పుడు, ఎవరు ఈ వ్యానులోకి తెచ్చారో తెలియదు.

బావ వాళ్ల అన్న ఆ రోజు నుంచి నాతో మాట్లాడడు. పెళ్లిళ్లలో ఎదురైతే ‘సారు’ అంటాడు, ఈసారి గౌరవంగా. అక్క మాట్లాడుతుంది. ఆ విషయం తప్ప అన్నీ మాట్లాడుతుంది. కాలేజీలో ఆ పాఠం వచ్చినప్పుడు వెనక బెంచీ పిల్లలు నా వైపు ఆశగా చూస్తారు. పనంటే అలర్జీ అనే జోకు దగ్గర నేను ఆగుతానని సీనియర్లు చెప్పి ఉంటారు. నేను లక్షణాలు రాయించి ముందుకు పోతాను.

పోయిన మాఘంలో అక్క పసుపు తవ్వించింది. అది బావ నాటిన పసుపే. పాలిష్ రోజున ఆదివారం కాబట్టి నేను పోయాను. డ్రమ్ము తిరుగుతోంది, వాకిలంతా పచ్చటి దుమ్ము. ముఖానికి గుడ్డ కట్టుకుని అక్క గంపలు ఎత్తి పోస్తోంది. మధ్యాహ్నం డ్రమ్ము ఆపాక నా దగ్గరికి వచ్చి చేతులు చాపింది. మోచేతుల దాకా దద్దులు.

“గిది దుమ్ముదేనారా?”

“పొట్ట మీద ఉన్నయా? తొడల మీద?”

“లేవు.”

“ఊపిరి మంచిగ ఆడుతున్నదా?”

“ఆడుతున్నది తియ్యి.”

“దుమ్ముదే.”

ఆమె గుడ్డ విప్పి అరుగు మీద కూర్చుంది. నేను కొబ్బరినూనె సీసా తెచ్చి పెట్టి, ఎదురుగా బస్తా మీద కూర్చుని ఆ చేతుల్నే చూస్తున్నాను. ఆమె నూనె రాసుకుంటూ రాసుకుంటూ ఆగింది.

“తమ్మీ, ఏదన్న అనురా. గట్ల గమ్మున జూస్తె భయమైతున్నది.”

వెతికాను. గోకుడు మీద నా దగ్గర ఇరవై రెండేళ్ల సరుకు ఉంది. ఏదీ నోటిదాకా రాలేదు. దద్దులు దిగేదాకా అక్కడే కూర్చున్నాను. గంటన్నర పట్టింది.